"అంగీకరిస్తున్నాను" అనే ముందు

కంప్యూటరులో ఏదైనా క్రొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించేటప్పుడు తెర మీద ఒక పొడవాటి పత్రం కనిపిస్తుంది. చిన్న చిన్న అక్షరాలు. ఎంత క్రిందికి జరిపినా తరగని పేరాలు. అడుగున ఒక చిన్న గడి, దాని ప్రక్కన "పై షరతులను అంగీకరిస్తున్నాను" అనే మాట. మీలో ఎంతమంది ఆ పత్రం చదివిన తర్వాతే గడిలో టిక్కు పెట్టారు? చేతులెత్తండి, చూద్దాం!

ఎవరూ ఎత్తరని నాకు తెలుసు. అందుకు మిమ్మల్ని మందలించే అర్హత నాకు లేదు. పాతికేళ్ళకు పైగా హైస్కూలులో భౌతికశాస్త్రం చెబుతున్న నేను కూడా మొన్నమొన్నటి దాకా చదవకుండానే టిక్కు పెట్టేవాణ్ణి. నా కళ్ళు తెరిపించింది తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి. ఆ సంగతి చెప్పి, దాని మీద నా అభిప్రాయం మీ ముందు పెడతాను. మీరు ఒప్పుకుంటారో లేదో చివర్లో మీరే తేల్చుకోండి.

ఎరువుల కొట్టు బిల్లు

మా బడి కంప్యూటరు గదిలో సాయంకాలం పూట ఆసక్తి ఉన్న పిల్లలకు జావా అనే ప్రోగ్రామింగు భాషలో ఓనమాలు నేర్పుతుంటాను. బడి కంప్యూటర్లలో ఉన్న ఆపరేటింగ్ సిస్టం లినక్స్. కొందరు పిల్లల ఇళ్ళలో విండోస్ ఉంది. వారి కోసం విండోసుకు సరిపడే జావా ప్యాకేజీని ఒకచోట నుంచి దించి, పెన్‌డ్రైవులో పెట్టి, అడిగిన వారికల్లా ఇచ్చాను. అందరికీ మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

ఈ అమ్మాయి తండ్రికి ఎరువుల కొట్టు ఉంది. రైతు పేరు, ఎరువు పేరు, బస్తాలు, ధర ఇస్తే మొత్తం లెక్కకట్టి బిల్లును ఒక ఫైలులో వ్రాసిపెట్టే చిన్న ప్రోగ్రామును ఆమె బడిలో వ్రాసింది. దాన్ని తీసుకువెళ్ళి కొట్లోని కంప్యూటరులో ఎక్కించింది. రెండు రోజుల తర్వాత నా దగ్గరకు వచ్చింది.

"మాస్టారూ, రెండు సందేహాలండీ. బడిలో బిల్లు తెలుగులో చక్కగా వచ్చింది. కొట్లో అంకెలు వచ్చాయి గాని, తెలుగు పేర్లు ఉండాల్సిన చోట అన్నీ ప్రశ్న గుర్తులే. ప్రోగ్రాములో నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు."

"రెండోది?"

"ఎక్కించేటప్పుడు వచ్చే కాగితాన్ని నిఘంటువు దగ్గర పెట్టుకుని చదివానండీ. సొంతానికి వాడుకున్నా, ప్రోగ్రాములు వ్రాసి పరీక్షించుకున్నా డబ్బు కట్టక్కర్లేదట. వ్యాపారంలో వాడితే మాత్రం వేరే లైసెన్సు కొనాలట. మా నాన్న కొట్టు వ్యాపారమే కదా, మాస్టారూ?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి కూర్చుని ఆ పత్రాన్ని మొదటిసారి చివరి దాకా చదివాను. ఆమె చెప్పింది నిజమే. అంతేకాదు, ఆ ప్యాకేజీని ప్రతులు తీసి ఇతరులకు పంచే హక్కు కూడా నాకు లేదని అందులో ఉంది. అంటే తండ్రి కొట్లో వాడిన ఆ అమ్మాయి కంటే ముందు, పెన్‌డ్రైవు పంచిపెట్టిన నేనే తప్పు చేశానన్నమాట! చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లు అయింది నా చదువు.

ఆమె అడిగిన రెండు ప్రశ్నలూ వేరువేరుగా కనిపిస్తాయి. మొదటిది సాంకేతిక విషయం, రెండోది చట్టానికి సంబంధించినది. కాని రెండింటికీ మూలం ఒక్కటే: మనం కంప్యూటరులో ఎక్కిస్తున్న వస్తువు ఏమిటో మనకే తెలియకపోవడం. అందుచేత ముందు అదేమిటో చూద్దాం.

ఒకే ప్రోగ్రాము, వేర్వేరు దుబాసీలు

1991లో అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంపెనీలో జేమ్స్ గోస్లింగ్, ఆయన సహచరులు కలిసి ఒక క్రొత్త భాషకు శ్రీకారం చుట్టారు. రకరకాల పరికరాల మీద ఒకే ప్రోగ్రాము నడవాలన్నది వారి ఆశయం. మొదట ఆ భాషకు ఓక్ అని పేరు పెట్టారు. 1995లో జావా అనే పేరుతో లోకానికి పరిచయం చేశారు. "ఒకసారి వ్రాయండి, ఎక్కడైనా నడపండి" అన్నది దాని నినాదం.

ఇది ఎలా సాధ్యం? ఇంగ్లీషు, ఫ్రెంచి, తమిళం మాట్లాడే ముగ్గురికి మీరు ఒకే ఉత్తరం పంపాలనుకోండి. మూడు భాషల్లో మూడు ఉత్తరాలు వ్రాయడం ఒక పద్ధతి. అలా కాకుండా, ఒకే భాషలో వ్రాసి, ఆ ముగ్గురి దగ్గరా ఒక్కొక్క దుబాసీని కూర్చోబెట్టడం మరో పద్ధతి. జావాది రెండో పద్ధతి. మనం వ్రాసిన ప్రోగ్రామును కంపైలరు "బైట్‌కోడ్" అనే మధ్య భాషలోకి మారుస్తుంది. ఆ ఫైలు విండోసులో తయారైనా, మాకింటోష్‌లో తయారైనా, లినక్సులో తయారైనా ఒకటే తీరు. ఏ జావా క్లాసు ఫైలు తెరిచినా మొదటి 4 బైట్లు ఒకటే. పదహారు అంకెల పద్ధతిలో అంకెలుగా వాడే ఇంగ్లీషు అక్షరాలతో అవి "కెఫెబేబ్" అని చదవడానికి వీలుగా ఉంటాయి. అది గోస్లింగ్ సరదాగా ఎంచుకున్న గుర్తు.

ఈ మధ్య భాషను చదివి, ఆ కంప్యూటరుకు అర్థమయ్యేలా చెప్పే దుబాసీయే "జావా వర్చువల్ మెషీన్". ఇక్కడొక కీలకం ఉంది, గమనించండి. ప్రోగ్రాము అన్నిచోట్లా ఒకటే కాని, దుబాసీ మాత్రం ఒకటి కాదు! విండోసుకు ఒకరు, మాకింటోష్‌కు ఒకరు, లినక్సుకు ఒకరు. ప్రోగ్రాముకు లేని తేడాలన్నీ దుబాసీలు మోస్తాయి.

కంపైలరు, దుబాసీ, సిద్ధంగా వ్రాసిపెట్టిన వేలాది క్లాసుల గ్రంథాలయం, ఈ మూడూ కలిపిన మూటను జావా డెవలప్‌మెంట్ కిట్ అంటారు. పొట్టిగా జె.డి.కె. ప్రోగ్రాము వ్రాసుకోవడానికి పలకలా పనికివచ్చే బ్లూజె, ఎక్లిప్స్, నెట్‌బీన్స్ వంటివి వేరు, ఈ జె.డి.కె. వేరు. పలక లైసెన్సు పలకది, కిట్టు లైసెన్సు కిట్టుది.

ఎక్కించేటప్పుడు చూడవలసినవి

ప్రయోగశాలలో ద్రావణం కలిపే ముందు సీసా మీది చీటీ చదువుతాం కదా! ఇక్కడా అంతే. మూడు విషయాలు చూసుకోవాలి. ఒకటి ఆపరేటింగ్ సిస్టం. రెండు ప్రాసెసరు జాతి. ఇంటెల్, ఎ.ఎం.డి. ప్రాసెసర్లకు పనికివచ్చే ప్యాకేజీ ఆర్మ్ జాతి ప్రాసెసరుకు సరిపోదు. 2020 చివరి నుంచి ఆపిల్ కంపెనీ సొంతంగా రూపొందించిన ఎం వరుస చిప్పులు, రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరులోని చిప్పులు ఈ ఆర్మ్ జాతివే. మూడు వెర్షను సంఖ్య. 11, 17, 21, 25 అనే వెర్షన్లకు దీర్ఘకాలం మరమ్మతులు అందుతాయి. క్రొత్తగా మొదలుపెట్టేవారు వీటిలో తాజా దాన్ని ఎంచుకోవడం మంచిది.

ఉబుంటు వంటి లినక్సులో ఒక్క ఆజ్ఞతో జె.డి.కె. వచ్చి కూర్చుంటుంది. విండోసులో, మాకింటోష్‌లో ప్యాకేజీ ఫైలు దించి నడపాలి. ఎక్కించాక ఆజ్ఞలు టైపు చేసే కిటికీ తెరిచి, జావాసి అని ఇంగ్లీషు అక్షరాలలో కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి, దాన్ని ఆనుకునే వెర్షన్ అని కొట్టండి. సంఖ్య కనిపిస్తే అంతా సవ్యం. "అటువంటి ఆజ్ఞ లేదు" అంటే కిట్టు ఎక్కలేదని కంగారుపడవద్దు. దాని చిరునామా "పాత్" అనే జాబితాలో లేదన్నమాట. చేర్చితే సరి.

ఇప్పుడు ప్రశ్న గుర్తుల సంగతి. కంప్యూటరు అక్షరాలను సంఖ్యలుగా దాచుకుంటుంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు ప్రత్యేకమైన సంఖ్యలున్నాయి. ఆ సంఖ్యలను ఫైలులో వ్రాసే పద్ధతులలో యు.టి.ఎఫ్.-8 అన్ని లిపులకూ చోటిస్తుంది. లినక్సులో సాధారణంగా అదే వాడుక. విండోసులో పాత జావా దుబాసీలు మాత్రం, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, విండోస్ వారి పాత సంకేతపట్టికను వాడేవి. యూరపు భాషల కోసం చేసిన ఆ పట్టికలో తెలుగుకు చోటు లేదు. చోటులేని అక్షరం వచ్చినప్పుడల్లా దుబాసీ ప్రశ్న గుర్తు వ్రాసి ఊరుకునేది. 2022 మార్చిలో వచ్చిన జావా 18 నుంచి ఏ ఆపరేటింగ్ సిస్టంలోనైనా ఫైళ్ళకు యు.టి.ఎఫ్.-8 నే వాడాలని నియమం పెట్టారు. కొట్లోని కంప్యూటరులో నేనిచ్చిన పాత వెర్షను ఉంది. అదీ అసలు కారణం! ఆ అమ్మాయి ప్రోగ్రాములో తప్పేమీ లేదు.

లైసెన్సు అంటే ఏమిటి?

ఇక రెండో ప్రశ్న. సాఫ్ట్‌వేరు "కొన్నాం" అంటాం గాని, నిజానికి మనం పొందేది వాడుకునే అనుమతి మాత్రమే. ఆ అనుమతి పత్రమే లైసెన్సు. ఎవరు వాడవచ్చు, దేనికి వాడవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చా, లోపల విప్పి చూడవచ్చా అనేవి అందులో ఉంటాయి.

లైసెన్సు అనగానే అది మనల్ని కట్టివేసే తాడని అనుకోకండి. ఒక్కొక్కసారి అదే మనకు రక్షణ. 1996లో మైక్రోసాఫ్ట్ కంపెనీ సన్ దగ్గర జావాకు లైసెన్సు తీసుకుంది. అయితే అది తయారుచేసిన జావాలో విండోసులో మాత్రమే పనిచేసే అంశాలు చేర్చి, లైసెన్సులోని షరతులను మీరిందని 1997 అక్టోబరులో సన్ దావా వేసింది. 2001 జనవరిలో రాజీ కుదిరింది. మైక్రోసాఫ్ట్ సన్‌కు 2 కోట్ల డాలర్లు చెల్లించింది. "ఎక్కడైనా నడపండి" అనే మాటను కాపాడడానికి ఆనాడు అక్కరకు వచ్చింది ఒక కాగితమే!

కాని అదే సన్ లైసెన్సు మరో వైపు గోడ కట్టింది. జావా డబ్బు లేకుండా దొరికేది, కాని దాన్ని విప్పి, మార్చి, పంచుకునే హక్కు జనానికి లేదు. లినక్సును తయారుచేసి పంచేవారు జావాను తమ మూటలో కలుపుకోవడానికి వీలుండేది కాదు. 2004లో రిచర్డ్ స్టాల్‌మన్ దీన్ని "జావా ఉచ్చు" అన్నాడు. మీ ప్రోగ్రాము స్వేచ్ఛగా ఉన్నా, అది నిలబడిన నేల పరాధీనమైతే ఆ స్వేచ్ఛకు విలువేమిటన్నది ఆయన వాదం. చివరకు 2006 నవంబరులో సన్ తన జావాను జి.పి.ఎల్. అనే స్వేచ్ఛా లైసెన్సు క్రింద విడుదల చేస్తున్నట్లు ప్రకటించింది. ఆ స్వేచ్ఛా రూపమే ఓపెన్ జె.డి.కె. 2010లో ఒరాకిల్ కంపెనీ సన్‌ను కొనేసింది. అప్పటి నుంచి ఓపెన్ జె.డి.కె. పనిలో పెద్ద వాటా ఒరాకిల్ ఇంజనీర్లదే. ఇది ఒప్పుకోవలసిన మాట.

అయితే ఒరాకిల్ తన పేరుతో ఇచ్చే జె.డి.కె. లైసెన్సు పలుమార్లు మారింది. 2018 సెప్టెంబరులో జావా 11 వచ్చినప్పుడు వ్యాపార నిర్వహణలో వాడేందుకు డబ్బు కట్టాలన్నారు. 2019 ఏప్రిల్ నుంచి జావా 8 క్రొత్త మరమ్మతులకూ అదే వర్తించింది. 2021 సెప్టెంబరులో జావా 17ను వ్యాపారానికి కూడా ఉచితమన్నారు. కాని ఆ ఉచితానికి గడువుంది. 2024 సెప్టెంబరు తర్వాత వచ్చిన జావా 17 మరమ్మతులు మళ్ళీ పాత షరతుల క్రిందికి వెళ్ళాయి. చూశారా! పేరు అదే, సంఖ్య అదే, తేదీని బట్టి షరతు వేరు. 2023 జనవరిలో తెచ్చిన చందా పద్ధతిలో జావా వాడేవారిని కాక, సంస్థలోని ఉద్యోగులందరినీ లెక్కపెడతారు. చిన్న సంస్థలకు ఆనాడు ప్రకటించిన ధర ఒక్కొక్క ఉద్యోగికి నెలకు 15 డాలర్లు. కంప్యూటరు ముట్టుకోని ఉద్యోగి కూడా ఆ లెక్కలోకి వస్తాడు!

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

ఇంగ్లీషులో ఈ రెండింటికీ "ఫ్రీ" అనే ఒకే మాట ఉంది. అదృష్టవశాత్తూ మనకు రెండు మాటలున్నాయి. ఉచితం అంటే ఈరోజు డబ్బు అడగలేదని అర్థం. రేపు అడగవచ్చు. స్వేచ్ఛ అంటే వాడుకునే, విప్పి చదివే, మార్చే, పంచుకునే హక్కు మన చేతికి వచ్చిందని అర్థం. ఆ హక్కుతో మన చేతికి వచ్చిన ప్రతిని తర్వాత ఎవరూ వెనక్కి లాక్కోలేరు.

ఓపెన్ జె.డి.కె. ఈ రెండో రకం. జి.పి.ఎల్. క్రింద ఉన్నదాన్ని మార్చి పంచితే, మార్చినదాన్ని కూడా అదే స్వేచ్ఛతో పంచాలి. "అయితే దానితో వ్రాసిన నా ప్రోగ్రామును కూడా అందరికీ ఇచ్చేయాలా?" అని మీకు సందేహం రావచ్చు. అక్కర్లేదు. ఓపెన్ జె.డి.కె. గ్రంథాలయానికి "క్లాస్‌పాత్ మినహాయింపు" అనేది ఉంది. దాన్ని ఆధారం చేసుకుని మీరు వ్రాసిన ప్రోగ్రాము మీదే. దానికి ఏ షరతులు పెట్టాలో మీ ఇష్టం.

ఈ ఓపెన్ జె.డి.కె.ను అనేకులు మూటకట్టి ఇస్తున్నారు. ఎక్లిప్స్ అడాప్టియం వారి టెమురిన్, అమెజాన్ వారి కొరెట్టో, మైక్రోసాఫ్ట్ వారి ప్యాకేజీ అలాంటివే. ఒరాకిల్ కూడా తన జె.డి.కె.తో పాటు జి.పి.ఎల్. క్రింద ఒక ప్యాకేజీని విడిగా ఇస్తోంది. కంపెనీ పేరు చూసి కాదు, లైసెన్సు చూసి ఎంచుకోవాలని నేననేది ఇందుకే.

కొందరు పెద్దలు నాతో అన్నారు: "చిన్న కొట్టు, చిన్న బడి. ఎవరు పట్టుకుంటారండీ, మాస్టారూ?" నాకు ఈ మాట నచ్చలేదు. పట్టుబడతామా లేదా అన్నది పరీక్షలో కాపీ కొట్టేవాడు అడిగే ప్రశ్న. బడిలో మనం పిల్లలకు నేర్పవలసిన ప్రశ్న వేరు: నేను మాట ఇచ్చానా, ఇచ్చిన మాట ఏమిటి? టిక్కు పెట్టడం మాట ఇవ్వడమే. చదవకుండా మాట ఇవ్వడం మంచి అలవాటు కాదు.

"శ్రమపడి తయారుచేసినవారికి డబ్బు వద్దా?" అని మరికొందరు అడుగుతారు. తప్పకుండా రావాలి. పెద్ద సంస్థలు మరమ్మతుల కోసం, సహాయం కోసం డబ్బు కట్టడంలో అన్యాయం ఏమీ లేదు. నా అభ్యంతరం డబ్బు గురించి కాదు. బడిలో ఉచితంగా అలవాటు చేసుకుని, రేపు ఉద్యోగంలోనో కొట్లోనో అది తప్ప మరొకటి తెలియక ఇరుక్కోవడం గురించి. బడి ఇచ్చే పనిముట్టు పిల్లవాడితో పాటు ఇంటికి, కొట్టుకు, పైచదువుకు వెళ్ళగలగాలి. పాఠం బడిదైనా, పనిముట్టు పరాయిది కాకూడదు. కేరళ ప్రభుత్వ బడులలో చాలా ఏళ్ళుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతోనే కంప్యూటరు పాఠాలు చెబుతున్నారు. అక్కడి కైట్ సంస్థ ఉబుంటు ఆధారంగా బడుల కోసం లినక్సును సిద్ధంచేసి ఇస్తోంది. ఆ రాష్ట్రంలో జరిగేది మన బడుల్లో జరగదా?

మీరు చేయవలసిన పని

ఆ మరుసటి ఆదివారం నేను, ఆ అమ్మాయి కలిసి కొట్టుకు వెళ్ళాం. నేనిచ్చిన ప్యాకేజీని తీసివేసి, ఓపెన్ జె.డి.కె. 21 ఎక్కించాం. ఈసారి లైసెన్సు ఆమే పైకి చదివింది. నేను విన్నాను. ప్రోగ్రామును మళ్ళీ కంపైలు కూడా చేయలేదు. బడిలో తయారైన ఆ ఫైలునే నడిపితే బిల్లులో "యూరియా" అని తెలుగులో వచ్చింది. తండ్రి కళ్ళజోడు సవరించుకుని చదివి, "మన అక్షరాలే!" అన్నాడు. సోమవారం బడిలో పెన్‌డ్రైవు తీసుకున్న పిల్లలందరినీ పిలిచి, నా పొరపాటు చెప్పి, క్రొత్త మూట ఇచ్చాను. దీన్ని మీ మిత్రులకూ ఇవ్వవచ్చు, దాంట్లోని లైసెన్సు కాగితాన్ని మాత్రం తీసివేయకుండా ఇవ్వాలి అని చెప్పాను. చెప్పేటప్పుడు కాస్త సిగ్గనిపించింది, చెప్పాక మనసు తేలికపడింది.

మీరు కూడా ఈ వారం ఒక పని చేయండి. మీ బడిలోనో, ఇంట్లోనో కంప్యూటరులో ఉన్న ఏదైనా ఒక సాఫ్ట్‌వేరు లైసెన్సు తెరవండి. నాలుగు ప్రశ్నలకు జవాబు వెతకండి: ఎవరు వాడవచ్చు? దేనికి వాడవచ్చు? పంచుకోవచ్చా? ఈ అనుమతికి గడువుందా? జవాబులు నోటుపుస్తకంలో వ్రాసుకుని మీ మాస్టారికి చూపండి. ఆయనకు జవాబు తెలియకపోతే చిన్నబుచ్చుకోకండి. కలిసి చదవండి. నేనూ అలాగే నేర్చుకున్నాను.